రోగం నడచిన త్రోవ

2011వ సంవత్సరంలో స్టీవెన్ సోడర్‌బర్గ్ దర్శకత్వాన వెలువడిన 'కంటేజియన్' అను చలనచిత్రం రోగం పుట్టిన రెండవ దినంతో ప్రారంభమవుతుంది. మొదటి దినం చిత్రాంతమున గాని ప్రేక్షకునికి కనబడదు. చెట్లు కూలగా నెలవు తప్పిన గబ్బిలం నోటి నుండి జారిన అరటిపండు ముక్కను ఒక పంది తింటుంది. ఆ పంది మాంసాన్ని పట్టిన వంటవాడు చేయి కడుగుకొనకనే ఒక అతిథితో కరచాలనం చేస్తాడు. లోకాన్ని చుట్టిన మహామారికి మూలం ఇంతే!

మందు కనుగొనుటకు ముందే శాస్త్రజ్ఞులు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఈ రోగం ఎక్కడ పుట్టినది, ఏ త్రోవన నడచినది? సాంక్రామిక వ్యాధిశాస్త్రానికి ఈ ప్రశ్నయే ప్రాణం. దీనికి నిదర్శనం వెదకుటకు పరదేశం పోనక్కరలేదు. అనంతపురం మెట్టచేలలోనే కలదు.

ఆ సీమలో ఒక్క పదునుకే రైతు ఉన్న విత్తనమంతా విత్తి ఆకాశం వంక చూస్తాడు. 2000వ సంవత్సరపు ఖరీఫ్‌లో వేరుసెనగ మొలిచింది. కాని లేత ఆకులపై మచ్చలు పడి, కాండం నల్లబడి, మొక్కలు నిలువున ఎండిపోయినవి. సుమారు 2,25,000 హెక్టార్లకు తెగులు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించింది. చూచినవారు మొదట అది పాత మొవ్వుకుళ్ళు తెగులే అనుకొన్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పరిశోధించి, ఇది పొగాకు స్ట్రీక్ వైరసు వలన కలిగిన కాండంకుళ్ళు తెగులని తేల్చారు.

మరి దాని నెలవు ఎక్కడ? బీళ్ళలో, గట్లపై, బాటల ప్రక్కన తెల్లని పూలతో నవ్వే వయ్యారిభామ కలుపులో! వైరసు ఆ మొక్కలోనే ఉన్నను, రోగచిహ్నం పైకి కానరాదు. దాని పుప్పొడిలో వైరసు దాగి ఉంటుంది. తామరపురుగులు ఆ పుప్పొడిని మోసుకొనివచ్చి వేరుసెనగ ఆకును గీరినపుడు, ఆ గాయం గుండా వైరసు మొక్కలో ప్రవేశిస్తుంది. గబ్బిలం, పంది, వంటవాని చేయి అక్కడ. కలుపు, పుప్పొడి, పురుగు ఇక్కడ.

ఇందులో గ్రహింపదగిన భేదం ఒకటి కలదు. చిత్రంలో రోగి నుండి రోగికి వ్యాధి ప్రాకుతుంది. కావున మనుష్యులను ఎడముగా ఉంచవలె. చేనిలో అట్లు కాదు. వేరుసెనగ పూవు తనలో తానే ఫలదీకరణం చెందుతుంది. దాని పుప్పొడి వెలికి రాదు. జబ్బుపడిన మొక్క ప్రక్క మొక్కకు శత్రువు కాదు. దానిని పెరికివేసినందువలన తెగులు ఆగదు. ఖాళీలు మాత్రమే మిగులుతవి. త్రోవ తెలియనివాడు రోగినే దోషిగా ఎంచుతాడు. త్రోవ తెలిసినవాడు మూలాన్ని పట్టుకొంటాడు.

త్రోవ తెలియుటతో ఉపాయమూ తెలిసింది. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయవలె. చేని చుట్టూ జొన్న గాని సజ్జ గాని దట్టంగా కొన్ని సాళ్ళు వేసినచో గాలిలో వచ్చే పురుగులకు అది అడ్డుగోడ. విత్తనశుద్ధితో లేతదశలో పురుగులను అణచవచ్చు. ఇవేవీ అద్భుతాలు కావు. కాని ఒక రైతు తన చేనిని శుభ్రపరచుకొన్నంత మాత్రాన చాలదు. ప్రక్క బీడు, ఊరి బాట, బడి ఆవరణ కూడ శుభ్రపడవలె.

ప్రజారోగ్యమను మాటలో మొదటి పదం ప్రజ. మనుష్యుల జ్వరానికైనను, చేని తెగులుకైనను అది వర్తిస్తుంది. బడి గోడ ప్రక్కన తెల్లని పూలతో నిలిచిన కలుపును ఉపాధ్యాయుడు విద్యార్థులకు చూపి ఈ కథ చెప్పినచో, అంతకు మించిన పాఠ్యగ్రంథం వేరే అవసరం లేదు.