రేడియోను త్రిప్పిన ధ్వని యేల మాఱును?
అమలాపురమున నొక ట్రాన్సిస్టరులో 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణిని 837 కిలోహెర్ట్జులపై పట్టి, పెట్టెను బల్లపై మెల్లగా త్రిప్పుచుండగా ధ్వని యొకచో గంభీరమై, వేఱొకచో క్షీణించుట యేల? మీడియంవేవ్ తరంగములను గ్రహించునది మనము పైకి లాగెడు వెండిరంగు ఏరియలు కాదు, అది ఎఫ్.ఎం., షార్ట్‌వేవ్‌లకే, లోపల సన్నని రాగితీగ చుట్టిన నల్లని ఫెర్రైటు కడ్డీయే. తరంగముల అయస్కాంతక్షేత్రము ఆ కడ్డీ పొడవున సాగినప్పుడు తీగలో విద్యుత్తు అధికముగా జనించును గనుక, ఇంచుమించు నేరుగా పడమటనున్న విజయవాడకు కడ్డీ మొన చూపక, దానిని ఉత్తరదక్షిణములుగా నిలుపవలెను.

కావున సెట్టు కొనునప్పుడు పెట్టె సొగసుకన్న కడ్డీ పొడవునే విచారింపుడు. అమెరికాలో 1980 ప్రాంతమున వెలసిన ఏ.ఎం. స్టీరియో మన ఆకాశవాణిలో ప్రవేశింపలేదు; ఆ పేరు చూచి అధికధనము వెచ్చింపనక్కఱలేదు. సెల్‌ఫోను ఛార్జరును మాత్రము దూరముగా నుంచుడు, దాని గరగర వార్తలను మ్రింగివేయును.