చిన్న పట్టణాల ప్రజారవాణా: ప్రత్యామ్నాయ ప్రణాళిక – ఒక పరిశీలన

ప్రవేశిక

తెలుగునాట కొన్ని రైల్వేస్టేషన్ల పేర్ల చివర 'రోడ్' అనే మాట కనిపిస్తుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి శ్రీకాకుళం పట్టణం సుమారు 13 కిలోమీటర్లు. భద్రాచలం రోడ్ స్టేషను కొత్తగూడెంలో ఉంది. భద్రాచలం చేరడానికి ఇంకా 40 కిలోమీటర్ల వరకు ప్రయాణించాలి. నర్సీపట్నం రోడ్, మంత్రాలయం రోడ్ స్టేషన్ల సంగతీ ఇంతే. రైలు ఊరిదాకా రాదనీ, మిగిలిన దూరం రోడ్డుమీద వెళ్లాలనీ ఈ పేర్లే చెబుతున్నాయి. ఆ మిగిలిన దూరం ఎవరి బాధ్యతో మాత్రం ఏ పేరూ చెప్పదు.

చిన్న పట్టణాల ప్రజారవాణాను చర్చించేటప్పుడు సాధారణంగా కొత్త బస్సులు ఎన్ని కావాలన్న ప్రశ్న ముందుకు వస్తుంది. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఇప్పటికే నడుస్తున్న ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో, ప్యాసింజర్ రైలు ఒకదానికొకటి ఎందుకు అందడం లేదు? ప్రత్యామ్నాయ ప్రణాళికను ఇక్కడినుంచి మొదలుపెట్టడం ఉచితం.

జనాభా గీతకు దిగువన

భారతదేశంలో పట్టణ రవాణా విధానాలు ఒక జనాభా గీతతో మొదలవుతాయి. 2006నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ఏకీకృత రవాణా సంస్థలను పది లక్షలకు మించిన జనాభా గల నగరాల్లో నెలకొల్పాలని సూచించింది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవా పథకంలోని 10,000 బస్సులు, 2011 జనగణన ప్రకారం 3 లక్షలు, అంతకు పైబడిన జనాభా గల నగరాలకు ప్రధానంగా ఉద్దేశించినవి. శ్రీకాకుళం వంటి జిల్లా కేంద్రం కూడా ఈ గీతకు దిగువనే ఉంది.

చిన్న పట్టణాన్ని దాని సొంత జనాభాతో కొలవడంలోనే లోపముంది. చుట్టుపక్కల పల్లెల జనం పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. సంతరోజు పట్టణం వేరు, మామూలు రోజు పట్టణం వేరు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక జనం వెళ్లవలసిన దిక్కే అనేకచోట్ల మారింది. కలెక్టరేటు ఒకచోట, బస్టాండు మరొకచోట, జిల్లా ఆసుపత్రి ఇంకొకచోట ఉన్న పట్టణాలు తక్కువేమీ కావు. ట్రిప్పులను ఆర్టీసీ డిపో నిర్ణయిస్తుంది. పర్మిట్లు రవాణాశాఖ ఇస్తుంది. ఆటోస్టాండు స్థలం పురపాలక సంఘం చూస్తుంది. ఆటో ఎక్కడ ఆగరాదో ట్రాఫిక్ పోలీసులు చెబుతారు. ఒక ప్రయాణికురాలి పూర్తి ప్రయాణాన్ని ఇంటి గడపనుంచి గమ్యందాకా చూసే కార్యాలయం వీటిలో ఒక్కటీ లేదు.

చట్టంలో చోటులేని వాహనం

పల్లెకూ పట్టణానికీ మధ్య ఎక్కువగా కనిపించే షేర్ ఆటోకు మోటారు వాహనాల చట్టం, 1988 లో సరైన పేరు లేదు. ఆ చట్టం ప్రకారం స్టేజ్ క్యారేజి అంటే డ్రైవరు కాక ఆరుగురికి మించి ఎక్కించుకునేలా తయారై, ఎవరి చార్జీ వారు చెల్లిస్తూ మార్గమధ్యంలో ఎక్కి దిగగల వాహనం. కాంట్రాక్ట్ క్యారేజి అంటే ఒప్పందం మేరకు నడిచేది. ఒప్పందంలో లేనివారిని దారిలో ఎక్కించుకోవడానికీ దించడానికీ అది ఆగరాదు. ఆటో పరిమాణంలో రెండో వర్గానికి చెందుతుంది, చేసే పని మొదటి వర్గానిది. ముగ్గురు కూర్చునే వాహనం నిర్వచనం ప్రకారమే స్టేజ్ క్యారేజి కాలేదు. అందువల్ల దారిలో చెయ్యెత్తిన మనిషి కోసం ఆగిన ప్రతిసారీ ఆటో చట్టాన్ని దాటుతూనే ఉంటుంది. వేళ లేకపోవడం, కిక్కిరిసేలా ఎక్కించుకోవడం, నిండితేగాని కదలకపోవడం అన్నవి డ్రైవరు స్వభావదోషాలుగా కనిపిస్తాయి గాని, లెక్కలో లేని సేవకు ఇవి చాలావరకు సహజ పరిణామాలు.

దీనికి మార్గం చట్టంలోనే ఏర్పడింది. 2019 సవరణ ద్వారా 67వ సెక్షనులో చేరిన మూడో ఉపసెక్షను, చట్టంలో మరెక్కడ ఏమున్నప్పటికీ, ప్రయాణికుల రవాణాకు పథకాలు రూపొందించి వాటి కింద లైసెన్సులు ఇచ్చే వీలును రాష్ట్ర ప్రభుత్వాలకు కల్పించింది. అందుకు పేర్కొన్న ప్రయోజనాల్లో చివరి అంచె అనుసంధానం, గ్రామీణ రవాణా స్పష్టంగా ఉన్నాయి. ఫలానా పల్లెనుంచి ఫలానా బస్టాపుకు, ఫలానా వేళల్లో, నిర్ణీత చార్జీకి నడపాలన్న షరతుతో ఆటోలకు లైసెన్సులిస్తే, ఇప్పుడు బస్సుకు పోటీగా కనిపించే వాహనమే బస్సుకు ప్రయాణికులను తెచ్చిపెట్టేదవుతుంది. తమిళనాడు 1997లో చిన్న ప్రైవేటు బస్సులకు, ప్రధానంగా బస్సులేని దారుల్లో నడపాలన్న నియమంతో అనుమతులిచ్చిన పద్ధతి ఈ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది.

వేళల పట్టిక

పట్టణానికి 20 కిలోమీటర్ల దూరాన ఒక పల్లె ఉందనుకుందాం. బస్సు 45 నిమిషాల్లో చేరి 15 నిమిషాలు ఆగుతుంది. ఉదయం 6 గంటలకు పట్టణంలో బయలుదేరిన బస్సు 7 గంటలకు పల్లెలో తిరుగుముఖం పట్టి, 7.45కు పట్టణం చేరి, 8 గంటలకు మళ్లీ కదులుతుంది. అంటే ఒక్క బస్సుతో రెండు గంటలకొక సర్వీసు, రెండు బస్సులతో గంటకొకటి సాధ్యం. ఇలాంటి అయిదారు దారుల బస్సులన్నీ ముప్పావుకు వచ్చి గంటకు బయలుదేరేలా కుదిర్చితే, ఆ పావుగంటలో ఏ పల్లెవారైనా మరే పల్లె బస్సుకైనా మారవచ్చు. రైలుగానీ జిల్లా కేంద్రం ఎక్స్‌ప్రెస్‌గానీ ఆ పావుగంటకు కాస్త అటూ ఇటూగా వస్తే అదీ అందుతుంది. స్విట్జర్లాండ్ రైల్వే 1982 మే నెలలో గంటగంటకూ రైలు నడిచే క్రమవేళల పట్టికను దేశమంతటా ప్రవేశపెట్టింది. కొండ పల్లెలకు వెళ్లే పోస్టల్ బస్సులు రైళ్ల రాకకు అనుగుణంగా నడుస్తాయి. అక్కడి సంపద మనకు లేదన్నది నిజం. అయితే వేళలు కుదర్చడానికి సంపదకన్నా శాఖల మధ్య సమన్వయం ఎక్కువ అవసరం.

తెలుగు ప్రాంతాల్లోని 'నైట్ హాల్ట్' బస్సు ఈ సూత్రానికి స్థానిక రూపం. రాత్రి చివరి ట్రిప్పుతో పల్లె చేరి, సిబ్బంది అక్కడే పడుకుని, తెల్లవారుజామున తొలి ట్రిప్పుగా బయలుదేరే బస్సు ఇది. కూరగాయల గంపలు, పాలక్యాన్లు, ఉదయం క్లాసు ఉన్న విద్యార్థులు దీనిమీదే ఆధారపడతారు. కిలోమీటరుకు వచ్చే ఆదాయం (డిపోల భాషలో ఈపీకే) లెక్కించినప్పుడు మాత్రం ఈ బస్సు బలహీనంగా కనిపిస్తుంది. సాయంత్రం తిరుగు బస్సు ఉందన్న ధైర్యంతోనే పొద్దున టికెట్ కొన్నవారు ఎందరో ఆ లెక్కకు తెలియదు. చివరి ట్రిప్పును ఎత్తివేస్తే మొదటి ట్రిప్పు కూడా పలచబడుతుంది. ఆ పలచబడటమే తరువాతి కోతకు ఆధారమవుతుంది.

ఖర్చు, లెక్క

కేరళ 2022లో ప్రారంభించిన 'గ్రామవండి' పథకం ఖర్చును విడదీసి చూసింది. డీజిలు ఖర్చును స్థానిక సంస్థ భరిస్తుంది. బస్సు, సిబ్బంది, నిర్వహణ ఆ రాష్ట్ర ఆర్టీసీవి. దారి ఏదో, వేళ ఏదో చెప్పే హక్కు దీనివల్ల పంచాయతీకి వస్తుంది. మన పంచాయతీల ఆదాయాలు అంతంతమాత్రమే కనుక ఇదే పద్ధతిని యథాతథంగా తేవడం కష్టం. మండల స్థాయిలో కొన్ని పంచాయతీలు కలిసి ఒక్క నైట్ హాల్ట్ బస్సు బాధ్యతను పంచుకోవడం ఆలోచించదగినది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకాలు మహిళలకు ఉచిత బస్సు ప్రయాణాన్ని కల్పించాయి. బస్సు వచ్చే ఊరి విద్యార్థిని పల్లెవెలుగులో జీరో టికెట్‌తో కాలేజీకి వెళుతుంది. బస్సురాని పక్క ఊరి విద్యార్థిని రోజూ రెండుసార్లు ఆటో చార్జీ పెట్టుకుంటుంది, లేదా చీకటి పడకముందే చేరాలని చివరి పీరియడు వదులుకుంటుంది. ఒకే హక్కు రెండు ఊళ్లలో రెండు విలువలు సంతరించుకున్నది. టికెట్ యంత్రంలో నమోదయ్యే జీరో టికెట్లు ఎక్కినవారి సంఖ్యనే చెబుతాయి. ఎక్కలేకపోయినవారి సంఖ్య కాలేజీ హాజరుపట్టీలో, చివరి పీరియడు గళ్లలో ఉంటుంది. కొత్త దారుల సర్వే బస్టాండులోనే కాక, సాయంత్రం నాలుగు గంటలకు కాలేజీ గేటు దగ్గరా జరగవలసి ఉంది.