సగటును నమ్ముటకు ముందు అంకెలను పరిశీలింపుడు

క్రొత్త వంగడమును గాని, ఎరువును గాని, పురుగుమందును గాని అమ్మవచ్చినవారు “సగటున ఎకరమునకు ఇన్ని బస్తాలు హెచ్చు” అని చెప్పుట వాడుక. ఆ మాట నమ్మి సంఘములో అప్పు తీసికొన్న పిదప పంట తప్పినయెడల, బాకీ రైతు తీర్చవలసినదే గాని సగటు తీర్చదు. కావున సగటు వెనుకనున్న అంకెలను పరిశీలించు విధమును ఇచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

మొదటిది, అంకెల పొందిక. ఒక వంగడమును ఐదుగురు వేయగా ఎకరమునకు 18, 19, 20, 21, 42 బస్తాలు పండినవనుకొందము. సగటు 24. కాని ఐదుగురిలో నలుగురికి ఆ 24 రానేలేదు. అంకెలను వరుసగా పేర్చి నడిమిదానిని చూచినచో 20 మాత్రమే. సగటునకును నడిమి అంకెకును ఇంత దూరమున్నప్పుడు కారణము వెదకవలెను. ఆ 42 బస్తాల చేను చెరువు తూము క్రిందిదా? ఒండ్రుమట్టి తోలినదా? కొలతలో పొరపాటా? విచారింపకయే ఆ అంకెను కొట్టివేయుటయు తప్పే.

రెండవది, నేల. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో మెర్సర్, హాల్ అను శాస్త్రజ్ఞులు ఒక ఎకరము గోధుమచేనిని 500 సమానమైన మళ్లుగా విభజించి, ప్రతి మడి గింజలను వేరుగా తూచి, ఫలితములను 1911లో ప్రకటించిరి. విత్తనమొకటే, సేద్యమొకటే. అయినను ఒక మడిలో 2.73 పౌనులు, మరియొక మడిలో 5.16 పౌనులు పండెను! కాబట్టి ఇటొక మడి, అటొక మడి వేసి పోల్చినచో తెలియునది విత్తనపు గుణమో, నేల గుణమో చెప్పజాలము. 1919లో అచ్చటనే కొలువు చేరిన ఫిషర్ దీనికి ఉపాయము బోధించెను. ప్రతి రకమును పెక్కు మళ్లలో వేయవలెను. ఏ మడికి ఏ రకమో మన యిష్టముచే గాక చీటి వేసి నిర్ణయింపవలెను.

మూడవది, హెచ్చుతగ్గులు. వాడుకలోనున్న గణితపద్ధతి అన్ని రకముల మళ్లలోను హెచ్చుతగ్గులు ఇంచుమించు సమానమని యెంచి తీర్పు చెప్పును. పురుగుల లెక్కలలో ఇది తరచుగా నిజము కాదు. జెఫ్రీ బీల్ 1942లో ప్రకటించిన పురుగుమందుల పరీక్షలో, ఒక మందు చల్లిన చోట 12 లెక్కలు 7 మొదలు 23 వరకును, మరియొక దానివి 0 మొదలు 7 వరకును ఉండెను. మొదటిదాని యెడము 16, రెండవదానిది 7. పురుగు హెచ్చిన చోట యెడమును హెచ్చినది. ప్రతి లెక్కకును వర్గమూలము కట్టినచో ఆ యెడములు సుమారు 2.15, 2.65 అయి దగ్గరపడును. అప్పుడు పోల్చుట న్యాయము.

ఇంత గణితము రైతు చేయనక్కరలేదు. అమ్మవచ్చినవానిని మూడు ప్రశ్నలు అడిగిన చాలును: ఎన్ని మళ్లలో పరీక్షించితిరి? ఏ మడికి ఏదియని ఎట్లు నిర్ణయించితిరి? ప్రతి మడి దిగుబడిని వేరువేరుగా చూపగలరా? మూడవ ప్రశ్నకు జవాబు రానియెడల, రూపాయి మూటలోనే ఉంచుకొని, ముందుగా సొంత పొలములో కొద్ది మళ్లలో వేసి చూచుకొనుట మేలు.