కోనసీమ త్రోవలకు పాత డీసెలు జీపు

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీన తుపాను కోనసీమపై బడినప్పుడు కొబ్బరిచెట్లు కూలి దారులు మూసికొనిపోయినవి. ఇంజను నాలుగు చక్రములను త్రిప్పెడు జీపు విలువ అట్టి దినములందే తెలియును. (వరదవేళ లంకలకు పడవయే శరణ్యము, అది వేఱుమాట.) క్రొత్తది కొనలేనివారు మహీంద్రా ఎమ్.ఎమ్. 540 వంటి పాతబండ్లను వెదకుదురు. వారికొఱకు ఇది వ్రాయుచున్నాము.

జనులు ముందుగా ఇంజను మ్రోత విని మురియుదురు. మేమన్ననో, ముందుగా బండిక్రింద దూరి చూడుడనుచున్నాము. ఇంజనును బాగుచేయవచ్చును, అంతర్వేది, ఓడలరేవు ప్రాంతముల ఉప్పుగాలికి త్రుప్పుపట్టి చివికిన చాసిస్‌ను బాగుచేయుట కష్టము. దానిని సుత్తితో మెల్లగా తట్టుచు పోవలెను. గట్టి యినుము ఖంగుమని పలుకును, చివికినది పలుకదు. క్రొత్తగా పూసిన నల్లరంగును జూచినచో మాకు అనుమానమే కలుగును.

పిదప గేరుపెట్టెలోని నూనె చూడవలెను. అది పాలు కలిసినట్లు తెల్లబడినచో లోన నీరు చేరినదని యర్థము. పొగ నీలముగా నున్నచో ఇంజను నూనెను కాల్చుచున్నది.

డీసెలు ఇంజనులో గాలిని గట్టిగా నొత్తుటచే పుట్టిన వేడికే చమురు మండును. నిప్పురవ్వతో పని లేదు. కావున అది పెట్రోలు బండివలె తడికి ఆగిపోదు. కాని గాలిగొట్టములో నీరు దూరెనా, లోని కడ్డీలు వంగిపోవును.

నాలుగు చక్రముల లీవరును తారురోడ్డుపై పరీక్షింపరాదు, గేర్లు బిగిసికొనును. ఇసుకలో పరీక్షింపుడు. 15 సంవత్సరములు దాటిన బండికి రిజిస్ట్రేషను మరల చేయించిరో లేదో చూచిన పిదపనే బయానా యీయుడు.