తరిమెన మీదికి ఏ కర్ర?

ఎనిమిది అంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు ఉండే గిన్నె తిప్పాలంటే 8 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న దిమ్మ కావాలి. గుణిస్తే 192 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగుకు 1,728 ఘనపుటంగుళాలు కాబట్టి ఆ దిమ్మ ఘనపుటడుగులో సరిగ్గా తొమ్మిదో వంతు. టింబర్ డిపోలో ఘనపుటడుగు 3,600 రూపాయలు చెప్పారనుకుంటే దిమ్మ ఖరీదు 400 అవుతుంది. చేత్తో చేసుకునే ఒక గిన్నెకు అది మరీ ఎక్కువేమీ కాదు. చిక్కల్లా ఆ తొమ్మిదో వంతు ముక్క దొరకడంలోనే ఉంది. డిపోల్లో కోసేది గుమ్మాలకు, కిటికీలకు, మంచాలకు. గిన్నె దిమ్మ కావాలని వచ్చేవాళ్లు అరుదు కాబట్టి అమ్మేవాళ్లకూ దాని సంగతి పెద్దగా తెలియదు. ఇంట్లో బల్లమీద పెట్టుకునే చిన్న తరిమెనలు, అంటే లేత్‌లు ఇప్పుడు సులువుగానే దొరుకుతున్నాయి. వాటి మీదికి ఎక్కించే కర్రను మాత్రం ఎవరికి వారు వెతుక్కోవలసిందే.

తరిమెన పట్టడం తెలుగు నేలకు కొత్త విద్య కాదు. మంచంకోళ్లు, బొంగరాలు, చపాతీ కర్రలు అన్నీ ఆ పనితనమే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు ఈ పనే పేరు తెచ్చింది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి కృషి చేసిన సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. ఉలికి తేలిగ్గా లొంగుతుంది, తెల్లగా ఉంటుంది, పోగు సన్నం. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరుస్తుంది. కర్రకే ముదురు రంగు ఉంటే లక్క పసుపు, లక్క ఎరుపు అంత తేటగా పలకవు. ఏ పనికి ఏ కర్ర అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక ఎంత సులువవుతుందో ఏటికొప్పాక చూపిస్తుంది. కొత్తగా లేత్ కొన్నవాళ్లు చాలామంది మాత్రం నేరుగా టేకు దగ్గరికో, జిట్టేగి (రోజ్‌వుడ్) దగ్గరికో వెళ్తారు. టేకు మంచి కలపే, కానీ అందులో సహజంగా ఉండే ఇసుక పదార్థం ఉలి పదునును త్వరగా తినేస్తుంది. పదును పెట్టడం ఇంకా చేతికి రానివాళ్లకు అది మొదటి పాఠంగా పనికిరాదు.

జాతి కన్నా ముందు అడగవలసింది కర్ర ఆరిందా లేదా అని. డిపోలో ఈ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు: ‘ఆరిన సరుకేనండీ, ఏడాదైంది కోసి.’ వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. అంగుళం మందం తలుపు చెక్కకు ఏడాది చాలు. మూడంగుళాల గిన్నె దిమ్మకు చాలదు. అంగుళం మందానికి ఏడాది అన్నది కర్రపని వాళ్లలో పాత లెక్క. మన ఎండలకు ఇంకాస్త త్వరగా ఆరవచ్చు. అయితే పైపొర గబగబా ఆరి లోపల తడి మిగిలిన దిమ్మ నీడలో నెమ్మదిగా ఆరినదాని కన్నా ఎక్కువ పగులుతుంది.

కారణం కర్ర లోపలే ఉంది. అప్పుడే కొట్టిన చెట్టులో నీరు రెండు రకాలుగా ఉంటుంది. కణాల లోపలి ఖాళీల్లో నిండిన నీరు ముందు పోతుంది. అది పోయినా కర్ర పరిమాణం మారదు. తేమ దాదాపు 30 శాతానికి దిగాక కణాల గోడల్లో ఇంకిన నీరు బయలుదేరుతుంది. కర్ర ముడుచుకోవడం అప్పుడే మొదలవుతుంది. ఆ ముడుచుకోవడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. నిలువునా దాదాపు ఏమీ ఉండదు. చెట్టు నడిమి నుంచి బెరడు వైపు కొంత, వలయాల వెంబడి చుట్టూతా దానికి సుమారు రెట్టింపు ఉంటుంది. గుండ్రని దుంగను అలాగే ఆరబెడితే చుట్టుకొలత తగ్గాలి, నడుమ మాత్రం అంతగా తగ్గదు. ఆ పెనుగులాటకు దుంగ నడిమి నుంచి బెరడు దాకా బీటలు తీస్తుంది. ఏ సామిల్లు ముందైనా పడి ఉన్న దుంగల చివరలు చూస్తే చక్రం ఆకుల్లా పరుచుకున్న ఆ బీటలు కనిపిస్తాయి.

అందుకే గిన్నెకు ఎంచుకునే దిమ్మలో చెట్టు నడిమి చుక్క ఉండకూడదు. దుంగను పొడవునా రెండు బద్దలుగా చీల్చి, ఆ చుక్క ఉన్న అంగుళాన్ని తీసేసి, మిగిలిన బద్ద నుంచి దిమ్మ కోయించాలి. చేతికిచ్చిన దిమ్మను ముందు తిప్పి చివరి ముఖం చూడాలి. చిన్న చిన్న గుండ్రాలు ఒక చుక్క చుట్టూ కనిపిస్తే అది నడిమి ముక్క. ఇలాంటిది సగం ధరకు ఇచ్చినా వద్దనాలి. వలయాలు పెద్ద విల్లు వంపులా ఉంటే అది బయటి వైపు కర్ర. తీసుకోవచ్చు. చివరి ముఖం మీద వెంట్రుకంత గీత ఉంటే అక్కడ నీటి చుక్క రాసి చూడాలి. పగులైతే నీరు గీత వెంట సర్రున పాకుతుంది. పగుళ్లు సాధారణంగా చివరల నుంచే మొదలవుతాయి. పక్కల కన్నా కోసిన చివరల నుంచి తేమ ఎన్నో రెట్లు వేగంగా పోవడం దానికి కారణం. దిమ్మ ఇంటికి రాగానే చివరలకు కరిగించిన మైనం గానీ, ఇంట్లో మిగిలిపోయిన పెయింటు గానీ దట్టంగా పూయమనడం ఇందుకే.

నాలుగు పక్కలా మైనంలో ముంచి, నున్నగా మెరుస్తూ ఆన్‌లైన్‌లో అమ్మే దిమ్మలు కూడా ఉన్నాయి. అవి చూడ్డానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంటాయి. మైనం పూసేది రవాణాలో పగలకుండా ఉండటానికి. దాంతో లోపలి తడి లోపలే ఉండిపోయే అవకాశం ఎక్కువ. మైనం దిమ్మను పచ్చి దిమ్మగానే లెక్కపెట్టి కొనడం క్షేమం.

ఆరిందో లేదో తేల్చుకోవడానికి తేమ మీటరు ఉంటే మంచిదే, లేకపోయినా వంటింటి తూకం యంత్రం చాలు. దిమ్మ మీద పెన్సిలుతో తేదీ, బరువు రాసి పెట్టాలి. నెలనెలా తూచి పక్కనే రాయాలి. వరసగా రెండు మూడు నెలలు బరువు మారకపోతే ఆ దిమ్మ తన చుట్టూ ఉన్న గాలితో సమానమైందన్నమాట. ఖచ్చితంగా తెలియాలంటే దిమ్మ మధ్య భాగం నుంచి 50 గ్రాముల ముక్క కోసి, ఓవెన్‌లో నూరు డిగ్రీలకు కాస్త పైన, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచాలి. అది 40 గ్రాములకు వచ్చిందనుకోండి, పోయిన 10 గ్రాములను 40తో భాగిస్తే 25 శాతం తేమ. ఆ కర్ర ఇంకా పచ్చిదే.

పచ్చిదైతే పారేయనక్కర్లేదు. పచ్చి కర్ర మీద ఉలి హాయిగా నడుస్తుంది, దుమ్ము లేవదు, పీచు పీచుగా పేళ్లు లేస్తాయి. అందుకే అనుభవజ్ఞులు గిన్నెను రెండు విడతల్లో చేస్తారు. మొదటిసారి పచ్చిగా ఉన్నప్పుడే గోడ మందం గిన్నె వెడల్పులో పదో వంతు ఉండేలా ముతకగా తిప్పుతారు. ఎనిమిది అంగుళాల గిన్నెకు అది ముప్పావు అంగుళం పైచిలుకు. దాన్ని దాని పేళ్లతోనే కాగితపు సంచిలో కప్పి నీడన పెడతారు. గిన్నె కోలగా మారుతుంది. మారనివ్వాలి. బరువు నిలకడకు వచ్చాక మళ్లీ తరిమెన ఎక్కించి గుండ్రం చేసి సన్నగా ముగిస్తారు. దిమ్మను దిమ్మగా ఆరబెట్టడానికి పట్టే కాలం కన్నా ఇది చాలా తక్కువ, పగుళ్లూ తక్కువ.

ఇక ఏ చెట్టు? చుట్టూ ఉన్నవాటితో మొదలుపెట్టడమే తెలివి. మామిడి చవక, పెద్ద దిమ్మలు దొరుకుతాయి, చెక్కలో గోధుమ, బూడిద రంగు చారలు ఒక్కోసారి ఆశ్చర్యపరుస్తాయి. దానికి పుచ్చు భయం ఎక్కువ. దిమ్మను బల్లకేసి తట్టినప్పుడు సన్నని తాజా పిండి రాలితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. వేప పోగు అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, పదును తగ్గిన ఉలికి పీచు లేపుతుంది. అయితే గట్టి కర్ర, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. పనస చేవ పసుపు పచ్చగా మొదలై ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమకు తిరుగుతుంది. బొబ్బిలి వీణలకు వాడే కర్ర అదే. రోడ్ల పక్కన నీడకు వేసిన నిద్రగన్నేరు సంగతి చాలామందికి తెలియదు. హవాయి దీవుల్లో పర్యాటకులు కొనుక్కెళ్లే పేరున్న చెక్క గిన్నెలు ఆ చెట్టువే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు వేలాది చెట్లు కూలాయి. అలా కూలినవి కట్టెలుగా పోకుండా దిమ్మలైతే ఎన్ని గిన్నెలయ్యేవో.

అన్నిటికన్నా చిన్నచూపుకు గురైంది సర్కారు తుమ్మ. చెరువు గట్ల మీద, బీళ్లలో అడవిలా అల్లుకుపోయి, బొగ్గుల బట్టీకి తప్ప ఎందుకూ పనికిరానిదిగా పేరుపడింది. అమెరికాలోని టెక్సాస్‌లో దీని దగ్గరి బంధువైన మెస్కీట్ కర్రను తరిమెన పనివాళ్లు ఏరికోరి కొంటారు. ఆ కర్ర ముడుచుకోవడంలో రెండు వైపుల తేడా చాలా తక్కువ, అందువల్ల వంకర పోదు. మన చెట్ల మాను అంత లావుండదు, ముళ్లూ వంకరలూ ఎక్కువ. కప్పులకు, పిడులకు, బొంగరాలకు ఆ లావు చాలు. కట్టెల అడితిలో నాలుగు లావుపాటి తునకలు ఏరుకుంటే దాదాపు కట్టెల ధరకే వస్తాయి.

వడ్రంగి మేస్త్రీలను మరవకూడదు. గుమ్మాలు కోయగా మిగిలిన టేకు, వేప, మద్ది తునకలు వాళ్ల పాకలో మూలన కుప్పగా ఉంటాయి. అవి ఏళ్ల తరబడి ఆరినవి. ‘మేస్త్రీ గారూ, ఈ తునకలు తూకానికి ఇస్తారా’ అని అడిగితే సాధారణంగా కాదనరు. పెన్నుకు కావలసింది ముప్పావు అంగుళం మందం, ఐదంగుళాల పొడవు. చపాతీ కర్రకు రెండంగుళాల మందం చాలు. ఓడల్లో సరుకుతో వచ్చిన ప్యాలెట్ చెక్క వాడేవాళ్లు దాని మీది ముద్ర చూడాలి. ‘హెచ్‌టీ’ అక్షరాలుంటే వేడితో శుద్ధి చేసినట్టు. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు. దాన్ని ముట్టకపోవడం మంచిది.

ముట్టకూడనివి మరికొన్ని ఉన్నాయి. ఎర్రచందనం ముక్క ఎవరైనా చాటుగా చవకగా ఇస్తామంటే అది శేషాచలం అడవుల నుంచి దొంగతనంగా వచ్చిందనే అనుకోవాలి. చిన్న ముక్కే కదా అన్న మాట చట్టం ముందు నిలవదు. జిట్టేగి సహా ఆ జాతి కలప అంతా 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి వచ్చింది. దాని దుమ్ముకు చర్మం మీద దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. సొంత పెరట్లో చెట్టయినా కొట్టే ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి కావాలేమో కనుక్కోవాలి. డిపోలో ఏది కొన్నా బిల్లు తీసుకోవాలి.

పగులున్న దిమ్మను మాత్రం ఎంత అందంగా ఉన్నా తరిమెన ఎక్కించవద్దు. గిన్నె వెడల్పు అంగుళాలను నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6,000కూ 9,000కూ మధ్య ఉండాలన్నది పనివాళ్ల లెక్క. ఎనిమిది అంగుళాల దిమ్మకు అది 750 నుంచి 1,125 చుట్లు. ముతక దిమ్మను అంతకన్నా నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఆ వేగంలో విడిపోయిన ముక్క ముఖానికి తగిలితే కళ్లద్దాలు ఆపలేవు. మొదటి దిమ్మ కొనే రోజునే ముఖమంతా కప్పే కవచం, దుమ్ము మాస్కు కూడా కొనండి. ఆ దిమ్మ మామిడిది గానీ వేపది గానీ అయితే సరిపోతుంది. టేకును పదో గిన్నెకు ఉంచుకోండి.