ఒక్క ప్లేటే మిగిలింది!

మధ్యాహ్నపు ఎండలో మంచుకొండ కళ్లు జిగేల్‌మనిపిస్తుంది. పక్కనే లోయ చీకటి గుయ్యారం. రెండూ ఒకే ఫొటోలో సరిగ్గా పడాలంటే... పెద్ద తలనొప్పే!

1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీలో 25 ఏళ్ల ఆన్సెల్ ఆడమ్స్‌దీ అదే అవస్థ. బరువైన కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ హాఫ్‌డోమ్ అనే నిట్టనిలువు రాతికొండ ఎదుటికి ఎక్కాడు. కాబోయే భార్య వర్జీనియా, స్నేహితులూ వెంట ఉన్నారు. కొండమీద ఎండ పడేదాకా కాచుకున్నాడు. అప్పటికి మిగిలినవి రెండే ప్లేట్లు. ఒకదాన్ని పసుపు ఫిల్టర్‌తో తీసేశాడు. తీశాక అనుమానం... ఆకాశం వెలిసిపోయి కొండ గాంభీర్యమే కనిపించదేమో! ఆఖరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. అది నీలి కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి నలుపు తెలుపు ఫొటోలో ఆకాశం నల్లబడుతుంది. లోపలికొచ్చే వెలుగూ తగ్గుతుంది. అందుకే ఏకంగా 5 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచాడు. కొండ కదలదుగా!

అలా వచ్చిందే 'మోనోలిత్'. 1937లో డార్క్‌రూమ్ తగలబడినప్పుడు ప్లేటు అంచు కాలినా బొమ్మ దక్కింది.

డిజిటల్ కెమెరాలకీ మంచు దగ్గర తికమకే. అంత తెలుపును చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తాయి. మంచు బూడిదరంగులో పడుతుంది. ఈసారి కులూమనాలీ వెళ్తే ఎక్స్‌పోజర్ ఒకటి, రెండు స్టాపులు పెంచి చూడండి.