కమ్మీ చిత్రాలు – రంగులు, గీతలు

నెలవారీ నివేదికలో కమ్మీ చిత్రం లేని శాఖ నేడు అరుదు. ఉత్పత్తి, విద్యుత్ వినియోగం, భద్రత అన్నీ నిలువు కమ్మీలుగా మారి గోడకెక్కుతున్నాయి. అంకెల విషయంలో మనం చూపే శ్రద్ధలో పదోవంతైనా ఆ కమ్మీలకు వేసే రంగుల విషయంలో చూపుతున్నామా అన్నది మా సందేహం.

భద్రతా విభాగపు చిత్రంలో జరిగిన ప్రమాదాలకు ఎరుపు, తృటిలో తప్పిన ప్రమాదాలకు ఆకుపచ్చ వేశారనుకుందాం. పైథాన్ భాషకు చెందిన మాట్‌ప్లాట్‌లిబ్‌లో 'రెడ్', 'గ్రీన్' అని పేర్లు వ్రాస్తే చాలు. తెరపై చిత్రం ముచ్చటగానే కనబడుతుంది. అదే చిత్రాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చితే? ఈ మార్పిడికి వాడుకలో ఉన్న సూత్రం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున బరువు ఇస్తుంది. ఆ 'రెడ్'లో ఎరుపు పాలు 255. ఆ 'గ్రీన్'లో ఆకుపచ్చ పాలు 128. గుణించి చూడండి: మొదటిది 76, రెండవది 75. రెండూ ఒకే బూడిద రంగు! నోటీసు బోర్డుకు చేరేది తరచుగా జిరాక్స్ ప్రతియే. దానిలో ఏ కమ్మీ గాయపడిన మనుషులదో, ఏది తప్పిన గండానిదో చదువరికి అంతుపట్టదు.

రంగుల ప్రతి ఇచ్చినా కొందరికి ఇదే చిక్కు. ఎరుపు, ఆకుపచ్చల భేదం సరిగా తెలియని వర్ణాంధత వంశపారంపర్యంగా, ముఖ్యంగా పురుషులలో కనిపిస్తుంది. రైలింజను నడిపేవారికి వర్ణదృష్టి పరీక్ష ఉంది. నివేదిక చదివేవారికి లేదు కదా!

దీనికి విరుగుడు కొత్తది కాదు. 1786లో విలియం ప్లేఫెయిర్ ప్రచురించిన గ్రంథంలో స్కాట్లాండు ఎగుమతి దిగుమతుల కమ్మీ చిత్రం ఉంది. అందులో ఎగుమతులు నిండు నలుపు, దిగుమతులు చారల కమ్మీలు. రంగుతో నిమిత్తం లేకుండానే భేదం తెలిసిపోతుంది.

ఈ చారలను నేడు కోడ్‌తో వేయవచ్చు. మాట్‌ప్లాట్‌లిబ్ 'బార్' ఆదేశంలో 'హాచ్' అనే అంశానికి ఒక ఏటవాలు గీత ఇస్తే చారలు, చుక్క ఇస్తే చుక్కలు. అదే గుర్తును రెండు మూడు మార్లు వ్రాస్తే చారలు దగ్గరవుతాయి. 'ఎడ్జ్‌కలర్' అంచు రంగును నిర్ణయిస్తుంది. ఆర్ భాషలో 'బార్‌ప్లాట్' ఆదేశానికి 'డెన్సిటీ' అంగుళానికి ఎన్ని గీతలో, 'యాంగిల్' ఎన్ని డిగ్రీల వాలో తెలుపుతాయి. వాలు చెప్పకపోతే 45 డిగ్రీలే. ఒక కమ్మీకి 10 గీతలు, మరొకదానికి 30 ఇచ్చి చూడండి, జిరాక్స్‌లోనూ భేదం నిలుస్తుంది. అలాగని ప్రతి కమ్మీనీ గళ్ళ లుంగీగా మార్చవద్దని మా మనవి. దట్టమైన చారలు పక్కపక్కన చేరితే కాగితం కదులుతున్నట్టు భ్రమ కలుగుతుంది. 1983లోనే ఎడ్వర్డ్ టఫ్టీ తన గ్రంథంలో ఈ దోషాన్ని గట్టిగా ఎత్తిచూపారు. రెండు వర్గాలుంటే ఒకటి నిండుగా, ఒకటి చారలతో ఉంటే సరిపోతుంది.

రంగులే కావాలనేవారికి జపాన్ శాస్త్రజ్ఞులు ఒకాబే, ఇటో వర్ణాంధులను దృష్టిలో ఉంచుకొని కూర్చిన వర్ణమాల ఉంది. 2020లో వెలువడిన ఆర్ 4.0.0 నుండి 'పాలెట్ డాట్ కలర్స్' అని పిలిస్తే అదే వస్తుంది. అయితే 'బార్‌ప్లాట్'కు అయిదు కమ్మీలకు మూడే రంగులిస్తే యంత్రం అభ్యంతరం చెప్పదు. నాలుగవ కమ్మీకి మళ్ళీ మొదటి రంగే వేస్తుంది. బోర్డు ముందు నిలిచినవారు ఆ రెండూ ఒకే వర్గమనుకొంటారు. కనుక కమ్మీలను, రంగులను లెక్కపెట్టి, ఒక ప్రతిని నలుపు తెలుపుల్లో తీసి చూసిన తరువాతే గోడకు అంటించండి.